వెనక సీట్లో నౌమాన్

హాజిరాకు డ్రైవింగ్ లైసెన్సు వచ్చిన సంగతి సౌదీలోని దమ్మామ్‌లో వాళ్ళుండే బిల్డింగంతా పాకిపోయింది. పాకించింది హాజిరా కాదు, ఆమె అత్త జైతూన్ బీ. జమ్మలమడుగు నుంచి విజిట్ వీసా మీద వచ్చిన ఆ పెద్దావిడ మెట్ల మీద ఎదురైన ప్రతి ఆడమనిషినీ ఆపి, "మా కోడలికి రుఖ్సా వచ్చిండాది!" అని చెప్పేది. లైసెన్సును ఇక్కడివాళ్ళు రుఖ్సా అంటారని కొత్తగా నేర్చుకుంది మరి.

శుక్రవారం నమాజు చేసుకుని హాజిరా మొగుడు నౌమాన్ తిరిగొచ్చేసరికి ఆడవాళ్ళు ముగ్గురూ తయారై ఉన్నారు. హాఫ్ మూన్ బీచికి ప్రయాణం. హాజిరాయే నడపాలి. వాళ్ళ కూతురు, ఎనిమిదేళ్ళ ఉమేరా కారు చుట్టూ గంతులేస్తోంది. హాజిరాకు లోపల ఒకటే సంబరం, కాస్త బెదురు కూడా.

నౌమాన్ ఒక కంపెనీలో ట్రెయిలర్ నడుపుతాడు. మంచివాడే, ఇంటికి ఏ లోటూ రానివ్వడు. కానీ పప్పులో ఉప్పు తగ్గినా అరుస్తాడు, కూతురు లెక్క తప్పినా అరుస్తాడు. అరిచి కాసేపటికి తను మరిచిపోతాడు. విన్నవాళ్ళే మరిచిపోలేరు.

హాజిరా పక్క సీట్లో కూర్చుని, వీధి దాటకముందే మొదలుపెట్టాడు. "బ్రేకు తొక్కు మే! కండ్లు యాడ పెట్టుకున్యావ్?"

రౌండు కూడలి దగ్గర ఎడమ నుంచి వచ్చే కార్ల కోసం హాజిరా ఆగింది. "పో, పో! ఏం చూస్తాండావ్?" అంటూ అతను స్టీరింగు మీద చెయ్యి వేశాడు. ఆమె ఉలిక్కిపడి బ్రేకు గట్టిగా తొక్కింది. వెనక హారన్లు గోల పెట్టాయి.

అద్దంలో కూతురు కనబడింది. చెవులు రెండూ మూసుకుని తల వంచుకుని కూర్చుంది. ఏడవడం లేదు, బెదరడం లేదు. రోజూ చేసే పనిలాగే మూసుకుంది. హాజిరా మనసు చివుక్కుమంది. కూడలి దాటించి, ఒక కిరాణా కొట్టు ముందు బండి ఆపేసింది.

"ఏమైంది?" అన్నాడు నౌమాన్.

"నువ్వు అరుస్తాంటే నాకు చేతులాడవు." ఆమె స్టీరింగు వదిలి అతనివైపు తిరిగింది. "డ్రైవింగు స్కూల్లో నేర్పించిన ఆయమ్మ ఒక్కసారి గూడా అరవల్యా. నాకు నడిపేది వచ్చు. నీ పక్కన కూర్చుంటేనే రాదు. పాపకు లెక్కలూ అంతే."

పెళ్ళయ్యాక ఆమె అతనితో ఇంత మాట అనడం ఇదే మొదటిసారి. అతను నోరు తెరిచేలోపే వెనక తలుపు తెరుచుకుంది. జైతూన్ బీ దిగివచ్చి ముందు తలుపు లాగింది.

"దిగురా నాయనా. నేను ముందర కూర్చుంటా."

"నీకేం తెలుసుమా డ్రైవింగు?"

"నాకు తెల్దు. అందుకే అరవను."

నౌమాన్ కదల్లేదు. ఆమె గొంతు తగ్గించింది. "మీ నాయన గూడా మంచోడేరా. ఆయన కేకేస్తే ముద్ద నా నోట్లోనే నిలిచిపోయేది. ఎన్నడూ చెప్పల్యా నేను. చెప్పింటే మానుకునేవాడేమో. ఈ పిల్ల చెప్తాంది, ఇనుకో."

అతను దిగి వెనక కూర్చున్నాడు.

ఊరు దాటి పెద్ద రోడ్డు ఎక్కాక జైతూన్ బీ సంతోషానికి పట్టపగ్గాల్లేవు. ఇసుక దిబ్బల మీద ఒంటెల మంద కనబడితే చప్పట్లు కొట్టింది. ముందు నెమ్మదిగా పోతున్న లారీని చూసి, "దాటించు హాజిరా, దాటించు!" అని ఉసిగొల్పింది. హాజిరా అద్దం చూసుకుని, సిగ్నల్ వేసి, దాటించేసింది. తన చేతుల్లో కారు అంత మెత్తగా కదలడం చూసి ఆమెకే నవ్వొచ్చింది.

వెనక నుంచి ఉమేరా కిలకిల నవ్వింది. "నాయనా, ఆడ బ్రేకు ల్యాకపోయినా నీ కాలు తొక్కుతాంది!"

నౌమాన్ కూడా నవ్వాడు. కాసేపటికి మెల్లగా అడిగాడు. "అప్పుడు చెవులు ఎందుకు మూసుకున్యావ్ బిడ్డా?"

"నువ్వు అరిస్తే నాకు బాగుండదు, ఇనపడకుండా మూసుకుంటా."

"నాకు చెప్పొచ్చు గదా?"

"చెప్తే మళ్ళా అరుస్తావని."

నౌమాన్ కూతురి తల నిమిరాడు. హాజిరా చూపు రోడ్డు మీదే ఉంది, చెవులు మాత్రం వెనకే ఉన్నాయి. కొంతసేపటికి ఉమేరా గలగలా మాట్లాడడం వినిపించింది. బడిలో తను పరుగు పందెం జట్టులోకి వచ్చిందట. నౌమాన్ అడుగుతూనే ఉన్నాడు, ఆ పిల్ల చెబుతూనే ఉంది.

బీచిలో హాజిరా రెండు కార్ల మధ్య బండిని సరిగ్గా నిలబెట్టి తాళంచెవి తీసుకుని దిగింది. అవ్వా మనవరాలూ అప్పటికే నీళ్ళవైపు పోతున్నారు. నౌమాన్ ఆమె పక్కకు వచ్చాడు.

"బాగా నడిపినావ్ మే." ఆ మాట అతని నోట కొత్తగా ఉంది. "దినామూ రోడ్డు మీద యాక్సిడెంట్లు చూస్తాంటా. నీకేమైనా అయితే ఎట్లాని భయం. ఆ భయమే అరుపై బయటికొస్తాది."

"భయమైతే భయమని చెప్పు. నేను నెమ్మదిగా పోతా."

"సరే." ఆమె చేతిలోని తాళంచెవి చూసి, "ఇప్పుడు గూడా భయంగానే ఉండాది, వాపసు ప్రయాణం తల్చుకుంటే," అన్నాడు.

హాజిరా పకపకా నవ్వింది. దూరంగా జైతూన్ బీ మోకాళ్ళదాకా నీళ్ళలో నిలబడి, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, "రాండి, రాండి! ఎంత వెచ్చగుండాయో నీళ్ళు!" అని కేకలేస్తోంది. చెప్పులు అక్కడే వదిలేసి ఇద్దరూ ఇసుకలో పరుగెత్తారు.