పౌనే దో

పొద్దున తొమ్మిదిన్నరకు పక్కింటి బేబీ ఇంట్లో ఫోను మోగింది. ప్లాంటు కార్మికులుండే క్యాంప్ 2లో ఆ వీధంతటికీ అదొక్కటే ఫోను. ఢిల్లీ నుంచి వెయిట్ లిఫ్టింగ్ కోచ్ శ్యామసుందర్. జాతీయ శిబిరానికి ఎంపికైన యాభై నాలుగు కిలోల విభాగం అమ్మాయికి భుజం జారింది. ఆ చోటు ఈ వీధి పిల్ల భాగ్యరేఖకు ఇస్తారు. కాకపోతే ఈ సాయంత్రం ఐదు లోపల ఢిల్లీ స్టేడియానికి వచ్చి కాటా ఎక్కాలి. రాయపూర్‌లో రెండున్నరకు విమానం ఉంది, టికెట్టు ప్లాంటు వాళ్ళు ఇస్తారు. విమానం ఎంతసేపటికి చేరుతుందో కనుక్కోమన్నాడు. పదింటికి మళ్ళీ చేస్తానని, కుదరకపోతే ఇంకో పిల్ల పేరు రాస్తానని పెట్టేశాడు.

భాగ్యరేఖ బరువు తగ్గడానికి రెయిన్‌కోటు తొడుక్కుని వీధిలో పరుగు మొదలుపెట్టింది. తండ్రి డ్యూటీలో ఉన్నాడు. కనుక్కునే పని మేనమామ నూకరాజు మీద పడింది. ఆయన పాలకొండ నుంచి వచ్చి రెండు వారాలైంది. హిందీ కూరల బజారులో నేర్చుకున్నాడు. రాయపూర్ టికెట్ల ఆఫీసుకు తనే ఫోను చేసి అడిగాడు, విన్నాడు, వేళ్ళు ముడిచి లెక్కేశాడు. మొహం వాడిపోయింది.

"ఏటన్నియ్యా?" అంది భాగ్యరేఖ తల్లి జోగమ్మ.

"రెండుంబావు గంటలంట. దిగీసరికి పావు తక్కువ ఐదు. అక్కణ్ణించి స్టేడియానికి అరగంట. అందదే."

జోగమ్మ గుమ్మంలో కూలబడింది. నూకరాజుకు మేనకోడలి వైపు చూడబుద్ధి కాలేదు. రైల్లో రోజు పట్టే దూరం విమానం మింగేస్తుందంటే నమ్మాడు. పావుగంట దగ్గర ఆగిపోయింది.

పదింటికి ఫోను మోగింది. నూకరాజు అందుకున్నాడు.

"కోచ్ సాబ్, నహీ హోగా. పౌనే దో ఘంటా లగ్‌తా," అని, కుదరదని చెప్పేశాడు.

చెమటతో లోపలికొచ్చిన భాగ్యరేఖ చెయ్యి పట్టుకుంది.

"మామా, ఏటన్నావు?"

"పౌనే దో. పావు, రెండు. రెండుంబావు."

"ఓలమ్మో! పౌనే దో అంటే రెండుకి పావు తక్కువ మామా! గంటా ముప్పావు!"

"పావన్నాక కలపాలి గానీ తీసీడవేటే?"

ఆమె అప్పటికే రిసీవరు లాక్కుంది. "సర్, మై ఆ రహీ హూఁ! సవా చార్ బజే ఉతరూంగీ!" నాలుగుంబావుకే దిగుతానని కేక పెట్టింది.

ఇల్లంతా ఒక్కసారి లేచింది. జోగమ్మ పెరుగన్నం డబ్బా కట్టింది, భాగ్యరేఖ తీసి అవతల పెట్టింది. "కాటా ఎక్కేదాకా ఏటీ వద్దే అమ్మా!" ప్లాంటు జీపు వచ్చింది. నూకరాజు బూట్ల సంచి పట్టుకుని ముందు పరుగెత్తాడు, వీధి పిల్లలు పైనుంచి చెయ్యూపమని అరుస్తూ వెనక పరుగెత్తారు. "దీదీ, ఊపర్ సే టాటా కర్‌నా!"

ఐదు దాటాక బేబీ ఇంట్లో నిలబడ్డానికి చోటు లేదు. ఫోను ఒక్కసారి మోగీ మోగకముందే నూకరాజు ఎత్తాడు.

"అందీసేవేటే?"

"అందీసేను మామా! యాభై మూడూ ఎనిమిదొందలు!"

"అయితే ఎంచినట్టేనా?"

"పేరు రాసీసేరు!" తర్వాత మాట ముద్దగా వచ్చింది. "విమానంలో సమోసా, బర్ఫీ ఇచ్చేరు. ఒళ్ళో ఎట్టుకుని కూసున్నాను, తినకుండా. ఇప్పుడు తింటన్నాను."

నూకరాజు రిసీవరును జోగమ్మ చెవికి ఆనించాడు. అవతల నమలడం వినబడుతోంది.