తుమ్మితే ‘నే’ ఎందుకు?

పాలకొల్లులో మల్లేశ్వరరావుకి గాజుల కొట్టు ఉంది. సరుకు ఫిరోజాబాద్ నుంచి వచ్చేది. ఆరు నెలలకోసారి అక్కడి ఏజెంటు రాంసేవక్ కూడా వచ్చేవాడు. అతనితో మాట్లాడటానికి ఇంట్లో ఒకరికైనా హిందీ రావాలని, మల్లేశ్వరరావు భార్య ప్రసన్నలక్ష్మి తన నలభై రెండో ఏట హిందీ ట్యూషన్‌లో చేరింది. అది తొంభై ఏడో సంవత్సరం. చుట్టూ ఎనిమిదో తరగతి ఆడపిల్లలు. మొదట్లో సిగ్గుపడినా, తర్వాత అందరికంటే ఎక్కువ ప్రశ్నలు ఆవిడే వేసేది.

ఒకరోజు నాగరత్నం టీచరు ‘నే’ పాఠం చెప్పారు. జరిగిపోయిన పనిని చెప్పేటప్పుడు, క్రియ సకర్మకమైతే చేసినవాళ్ల పక్కన ‘నే’ చేరుతుంది. అకర్మకమైతే చేరదు.

“తిన్నానంటే దేన్ని తిన్నావని అడగొచ్చు. అందుకని ‘మైనే ఖాయా’. పడుకున్నానంటే దేన్ని అని అడగలేం కదమ్మా. అందుకని ‘మై సోయీ’, అంతే.”

ఆ సంగతి ప్రసన్నలక్ష్మిని ఒక పట్టాన వదల్లేదు. తెలుగులో తిన్నా పడుకున్నా ‘నేను’ నేనుగానే ఉంటుంది. మరి వీళ్లకెందుకీ తేడా? బట్టలారేస్తూ, కూర తరుగుతూ, తోచిన ప్రతి పనినీ ‘దేన్ని?’ అని అడిగి చూసేది. నవ్వడం, ఏడవడం, పరుగెత్తడం: వీటికి ‘నే’ లేదు. కడగడం, చూడడం: వీటికుంది. సూత్రం ఎక్కడా తప్పలేదు.

శ్రావణమాసం ముందు రాంసేవక్ వచ్చాడు. పెట్టె విప్పి గాజుల మధ్య ఎండుగడ్డి లాగుతుంటే, ఆ దుమ్ముకి వరసగా నాలుగు తుమ్ములు తుమ్మాడు. ప్రసన్నలక్ష్మి మంచినీళ్లిచ్చి, ఇప్పుడు మీరు చేసిన పనిని ఎలా చెబుతారని హిందీలోనే అడిగింది.

“మైనే ఛీంకా,” అన్నాడతను.

ఆవిడ తెల్లబోయింది. దేన్ని తుమ్మాడని? మరి దగ్గితే ఏమంటారని అడిగింది.

“మైనే ఖాన్సా.” అతను ఆగి, పెదవుల్లోనే రెండుసార్లు అనుకుని చూసుకున్నాడు. ‘నే’ లేకుండా కూడా అంటామేమో, ఇన్నేళ్లూ ఎప్పుడూ ఆలోచించలేదన్నాడు.

సాయంత్రం ఈ మాట విని టీచరు పుస్తకం తిరగేశారు. “ఇందులో లేదే,” అన్నారు. పుస్తకం మూసి, నెమ్మదిగా అడిగారు. “రేపు కూడా ఉంటాడా అతను?”

మర్నాడు టీచరు గంజి చీర కట్టుకుని కొట్టుకొచ్చారు. ముప్పై ఏళ్లుగా హిందీ చెబుతున్నా, హిందీ ఇంటిభాషగా ఉన్న మనిషితో పట్టుమని పది నిమిషాలు మాట్లాడలేదని దారిలోనే ప్రసన్నలక్ష్మితో చెప్పారు. టీచరు హిందీలో నోరు విప్పగానే రాంసేవక్ నవ్వాడు. రేడియోలో వార్తలు చదివినట్టు ఉందన్నాడు. టీచరు ముఖం ఎర్రబడింది. అయినా వెనక్కి తగ్గకుండా ఒక్కో పనే అడుగుతూ పోయారు. ఉమ్మితే? ‘నే’ ఉంది. నవ్వితే? లేదు. ఏడిస్తే? లేదు.

“లోపలున్నదేదో బయటికి విసిరేస్తున్నాం కదండీ,” అంది ప్రసన్నలక్ష్మి. “తుమ్మైనా, ఉమ్మైనా. కర్మ పైకి కనపడకుండా అందులోనే ఉందేమో.”

“ఏడిస్తే కన్నీళ్లు రావూ మరి?” అన్నారు టీచరు.

గాజులు సైజులవారీగా సర్దుతున్న మల్లేశ్వరరావు తలెత్తకుండా అన్నాడు. “మనకైతే తుమ్మొస్తుందండి. దానంతటదే. మనం చేసేదేం ఉంది?”

రాంసేవక్‌కి అది హిందీలో చెప్పేసరికి, తమకీ తుమ్మొస్తుందనే మాటుందని అతను ఆశ్చర్యపోయాడు.

ఆ సాయంత్రం ట్యూషన్‌లో టీచరు పిల్లల చేత నోటుపుస్తకాల్లో అరపేజీ ఖాళీ వదిలించారు. పైన తుమ్మడం, దగ్గడం, ఉమ్మడం అని రాయించారు.

“పరీక్షకొస్తుందాండి?” అని ఒక పిల్ల అడిగింది.

“రాదమ్మా. ఎందుకలాగో నాకూ తెలీదు. మీకెక్కడైనా ఇంకోటి దొరికితే కింద రాసి, నాకూ చూపించండి.”

ప్రసన్నలక్ష్మి అప్పటికే ఆవలింత దగ్గర ఆగి ఆలోచిస్తోంది.