బీరువా సర్దిన మర్నాడు

చెల్లెలు వచ్చి వెళ్ళిందంటే ఆ ఇంట్లో ఏదో ఒకటి మాయమై తీరుతుంది. దొంగబుద్ధి కాదు పాపం, సర్దుడు పిచ్చి. ఫోన్లో ముక్కూ మొహం తెలియని మనిషెవరో అల్మారా ఖాళీ చేస్తూ కనిపిస్తే, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా కదలకుండా చూస్తుంది. చూసి ఊరుకుంటే గొడవే లేదు. ఆ విద్యంతా తెచ్చి అక్క ఇంటి మీద ప్రయోగిస్తుంది.

అక్కని ఆ వీధిలో అందరూ టైలరమ్మ అంటారు. ముందుగదిలో కుట్టు మిషను, దాని పక్కన మనిషెత్తు బట్టల గుట్ట. ఒకరికి నడుము వదులు చేయాలి, ఇంకొకరికి చేతులు కురచ చేయాలి. అందరి బట్టలూ బాగుచేస్తూ సొంత బీరువాని గాలికొదిలేసింది. తలుపు తీస్తే బట్టలు మీద పడేవి. పైగా అందులో సగం ఆయన రాజ్యం. ఆయన బడి బస్సు డ్రైవరు. మంచి మనిషే, పల్లెత్తు మాట అనడు, కానీ ఈమధ్య తన వైపు అర తలుపు ఎవరైనా తీస్తే మాత్రం ఒంటికాలి మీద లేస్తున్నాడు. ఉతికిన బట్టలు కూడా మంచం మీద పెట్టించుకుని తనే సర్దుకుంటున్నాడు. వయసు పెరిగేకొద్దీ చాదస్తం ముదురుతోందని టైలరమ్మ నవ్వుకునేది.

ఆయన మధ్యాహ్నం ట్రిప్పుకి వెళ్ళగానే అక్కచెల్లెళ్ళిద్దరూ కొంగులు బిగించారు. బీరువా మొత్తం మంచం మీదకి దించారు. చెల్లెలు ఒక్కో బట్టా పైకెత్తి, నేరస్థుణ్ణి అడిగినట్టు, "ఇది ఒంటి మీదకెక్కి ఎన్నాళ్ళయింది?" అని అడగడం, అక్క నీళ్ళు నమలడం, అది కాస్తా ఇచ్చెయ్యాల్సిన సంచిలోకి పోవడం. సాయంత్రమయ్యేసరికి బీరువాలో సగం ఖాళీ. మిగిలినవాటిని రంగుల వరసలో తగిలించాలని చెల్లెలు పట్టుబట్టింది.

"తెలుపుతో మొదలుపెట్టి నలుపు దాకా. తలుపు తీస్తే బావగారికి కళ్ళు చెదిరిపోవాలక్కా!"

చెల్లెలు తగిలిస్తుంటే టైలరమ్మ తన పని తను చేసింది. ఆయన చొక్కాల్లో కాలరు లోపల, టైలరు గుర్తు కుట్టే చోట, దారం కొసలు తేలి ఉన్నాయి. దారం కొస కనబడితే ఆమె చెయ్యి ఊరుకోదు. బస్సులో ముందు సీటువాడి చొక్కాకి దారం వేలాడినా పళ్ళతో కొరికెయ్యాలనిపిస్తుందట. టైలరు మొగుడై ఉండి ఈ వాలకమేంటని విసుక్కుంటూ, చిన్న కత్తెర తీసుకుని అన్నీ టకటకా కత్తిరించేసింది. ప్యాంట్ల నడుం పట్టీల్లో కూడా ఉన్నాయి. వాటినీ వదల్లేదు.

చెల్లెలు వెళ్ళిపోయి చీకటిపడ్డాక ఆయన వచ్చాడు. ఆమె చిన్నపిల్లలా చెయ్యిపట్టి లాక్కెళ్ళి తలుపులు రెండూ బార్లా తీసింది. మెచ్చుకుంటాడని ఎదురుచూసింది. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నిన్నెవరు ముట్టుకోమన్నారు?" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. వెళ్ళి గోడవైపు తిరిగి పడుకున్నాడు. పూటంతా చాకిరీ చేస్తే దక్కిన బహుమానం ఇదా అని ఆమెకి ఏడుపొచ్చింది. తనూ ఇటు తిరిగి పడుకుంది.

మర్నాడు పొద్దున్నే ఆమె టీ కాస్తుంటే ఆయన డ్యూటీకి తయారై వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. నున్నగా దువ్విన తల, ఇస్త్రీ ప్యాంటు, జేబు మీద బడివాళ్ళిచ్చిన బిళ్ళ, అన్నీ ఉన్నాయి. లేత నీలం యూనిఫాం చొక్కా ఉండాల్సిన చోట మాత్రం లేత పసుపు చొక్కా ఉంది. ఎవరి పెళ్ళికో ఆమే కుట్టిపెట్టింది.

కోపం మర్చిపోయి ఫక్కున నవ్వింది. "ఏంటండీ ఈ వేషం? పిల్లల్ని బడికి తీసుకెళ్తున్నారా, పెళ్ళికా?"

"ఏం? ఏమైంది?"

"చొక్కా చూసుకోండి ఒకసారి."

చూసుకున్నాడు. గడ్డం గుండెకి ఆనించి చాలాసేపు చూసుకున్నాడు. "బాగానే ఉందిగా. కాలరు నలిగిందా?"

ఆమె నవ్వు సగంలో ఆగిపోయింది. "పసుపు చొక్కా అండీ అది."

ఆయన వెనక్కి తిరిగాడు. ఆమె పొయ్యి ఆపి వెనకే వెళ్ళింది. గదిలో లైటు వెలుగుతూనే ఉంది. ఆయన బీరువా ముందు నిలబడి ఒక చొక్కా పట్టుకుని, కాలరు లోపల బొటనవేలు పెట్టి మెల్లగా తడిమాడు. వదిలేశాడు. రెండోదాన్ని తడిమాడు, వదిలేశాడు. మూడోదీ అంతే. కళ్ళు చొక్కాల మీద లేవు, ఎదురుగా తలుపు చెక్క మీద ఉన్నాయి.

ఆమె ముందుగదిలోకి పరుగెత్తి మిషను కింద చెత్త సంచిని నేల మీద కుమ్మరించింది. పీలికల మధ్య నిన్నటి దారం ముక్కలు దొరికాయి. అవి తేలిన కొసలు కావు. తన రీలులోంచే తీసుకుని, సూది పట్టడం రాని చేతులు తిప్పలుపడి వేసిన ముడులు. కొన్నిటికి ఒకటి, కొన్నిటికి రెండు.

"ఒక ముడైతే యూనిఫాం," గుమ్మంలోంచి ఆయనే అన్నాడు. "రెండైతే తెల్లవి. ముడి లేకపోతే ఇంట్లో వేసుకునేవి."

ఆమె నేల మీదే కూర్చుండిపోయింది. ఎడమ పక్కన పెట్టిన టీ గ్లాసు ఎన్నిసార్లు తన్నేశాడు! తలుపు అంచు భుజానికి ఎన్నిసార్లు కొట్టుకున్నాడు! పరధ్యానం ఎక్కువైందని తను నలుగురిలో వేళాకోళం కూడా చేసింది.

"ఎంత కనిపిస్తుంది?" అడిగింది.

"ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంది. పక్కలే... పొగ. ఎడమ వైపు అసలేం లేదు. లేత రంగులన్నీ ఒకలాగే ఉంటాయి."

"డాక్టరు దగ్గరికి వెళ్ళారా?"

"వెళ్ళాను. పోయింది తిరిగి రాదన్నారు. ఉన్నది నిలబెట్టుకోమని చుక్కలిచ్చారు."

"ఆ చుక్కలు కళ్ళ మంటకన్నారు కదండీ నాతో!"

ఆయన గోడ పట్టుకుని వచ్చి, బట్టలు కొలిపించుకోవడానికి వచ్చినవాళ్ళు కూర్చునే బల్ల మీద కూర్చున్నాడు.

"మరి బడివాళ్ళు ఏటా కంటి పరీక్ష చేస్తారుగా?"

"అక్షరాల పలక ఎదురుగానే పెడతారు," అన్నాడు తల దించుకుని. "చూడు, ఆ రూటు నాకు కొట్టినపిండి. ప్రతి గుంటా తెలుసు, ప్రతి మలుపూ తెలుసు. కళ్ళు మూసుకుని నడుపుతాను." అనేశాక ఆ మాట తన చెవికే ఎలాగో వినబడింది కాబోలు, ఆగిపోయాడు. మళ్ళీ తనే బతిమాలడం మొదలుపెట్టాడు. "హాస్టల్లో ఉన్న మన పిల్లదాని చదువు అయ్యేదాకా చాలు. తర్వాత నువ్వు మానెయ్యమంటే మానేస్తాను. డ్రైవరు పని తప్ప నాకేం చేతనవును చెప్పు? ఆ ముడులు మళ్ళీ వేసిపెట్టు. నీకెంతసేపు పని!"

నిజమే, ఆమెకి ఎంతసేపు పని! ఏడ్చుకుంటూనే లేచింది. యూనిఫాం చొక్కా తెచ్చి మిషను దగ్గర కూర్చుంది. సూదిలో దారం కూడా ఎక్కించింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మనిషి తనని నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే. కాదంటే పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్తాడు, ఎవరికి మొహం చూపిస్తాడు? కుట్టేసి, ఊరుకుంటే సరి. నోరు మూసుకోవడం అంత కష్టమేం కాదు.

దారం తెంపాలి, కత్తెర కనబడలేదు. నిన్న బీరువా దగ్గరే వదిలేసింది. లేచి, చెప్పుల్లేని కాళ్ళతో, ఆయన ఎడమ పక్కగా నడిచి గదిలోకి వెళ్ళి తెచ్చుకుంది.

తిరిగి వచ్చేసరికి ఆయన ఇంకా మాట్లాడుతున్నాడు. తల దించుకుని, ఖాళీ కుర్చీతో మాట్లాడుతున్నాడు.

"...ఎవరికీ తెలియదు. నీకూ నాకూ తప్ప. జాగ్రత్తగానే ఉంటానుగా? ఏం? మాట్లాడవేం?"

ఆమె ఆయన ఎడమ పక్కనే నిలబడి ఉంది, చెయ్యి చాపితే భుజం అందేంత దగ్గర్లో. ఆయన తల ఎత్తకుండానే, ఆమె ఇంకా కుర్చీలోనే ఉందనుకుని జవాబు కోసం ఎదురుచూస్తున్నాడు. బస్సుకి అదే ఎడమ పక్కన రోజూ ఎవరెవరు నిలబడతారో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు.

బల్ల మీది ఫోను తీసి బడి బస్సుల సూపర్‌వైజరుకి చేసింది. తన పక్కనుంచి గొంతు వినబడేసరికి ఆయన ఉలిక్కిపడి ఇటు తిరిగాడు.

"సార్, మా ఆయన ఇవాళ బండి తియ్యరు."

"ఒంట్లో బాలేదా అమ్మా? ఎన్ని రోజులు సెలవు?"

"సెలవు కాదు సార్. ఇంక తియ్యరు. ఆయనకి... కళ్ళు కనబడట్లేదు."

"ఎప్పటినుంచి?"

ఆమె ఆయన వైపు చూసింది. పొద్దున లేచేసరికి ఇలా అయిందని చెప్తే గౌరవంగా పంపిస్తారు. చాలాకాలంగా అంటే దోషిలా నిలబెడతారు. ఆ ఒక్క అబద్ధమైనా ఆయన కోసం ఆడదామనుకుంది. "ఇవాళే సార్, లేచి చూస్తే..."

ఆయన చెయ్యి చాపి గాల్లో తడిమి ఫోను అందుకున్నాడు.

"ఏడాది దాటింది సార్," అన్నాడు. అవతలివాళ్ళు ఏదో గట్టిగా అడుగుతున్నారు. అంతా విన్నాడు. "అవును సార్. తప్పే. మీరేం చేసినా సరే. ముందు ఇంకో డ్రైవర్ని పంపించండి, పిల్లలు స్టాపుల్లో నిలబడి ఉంటారు." ఫోను పెట్టెయ్యబోయి ఆగాడు. "ఆ వచ్చే అబ్బాయికి ఒక మాట చెప్పండి. ఆఖరి స్టాపులో ఒక చిన్నపిల్ల ఉంటుంది. బస్సు ఆగకముందే ఎడమ పక్కనుంచి పరుగెత్తుకొచ్చేస్తుంది. చూసుకోమనండి సార్. మొన్న నాకు కనబడలేదు."