రామమ్మకు వచ్చిన జ్వరం

కోమలకు జ్వరం రాలేదు.

హైదరాబాదులో సూది వేయించుకుని, నల్లగొండలో బస్సు దిగి, ఆటోలో ఊరు చేరినప్పటి నుంచి వీరేశం ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తూనే ఉన్నాడు. బత్తాయి తోటకు నీళ్లు పెట్టడానికి పోయినవాడు మధ్యలోనే మోటరు బంద్ చేసి ఇంటికి వచ్చి మళ్లీ చూశాడు. నుదురు చల్లగానే ఉంది. సూది పొడిచిన చోట ఎర్రబడనైనా లేదు.

"ఒళ్లు నొప్పులన్న లేవా?"

"లేవయ్యా. నాకేం గాలె. మంచిగనే ఉన్న," అని కోమల బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చుంది.

ఆపరేషనై రొమ్ము తీసేసిన నాటి నుంచి ఆమె నోట ఆ మాట వినాలని వీరేశం మొక్కని దేవుడు లేడు. ఇప్పుడు అదే మాట వింటే గుండెలో రాయి పడ్డట్టయింది. కరోనా సూదులు వేసినప్పుడు ఊరంతా చెప్పుకున్నది అతనికి బాగా గుర్తుంది. జ్వరం వచ్చిందంటే మందు ఒంటికి పట్టినట్టే, లోపల పని మొదలుపెట్టినట్టే అన్నారు. అతనికైతే ఆనాడు మంచం మీది నుంచి లేవలేనంత జ్వరం వచ్చింది. మరి క్యాన్సరును ఆపే మందు లోపలికి పోతే ఒళ్లు ఇంత చల్లగా ఎట్లా ఉంటుంది?

అంటే కోమలకు పొడిచింది మందు కాదు. ఉత్త ఉప్పునీళ్లు.

కొందరికి ఉప్పునీళ్లే పోతాయని దవాఖానలో ముందే చెప్పారు. పరీక్ష నడిపే డాక్టరు మంజులత ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఏదీ దాచకుండా విడమరిచి చెప్పింది. కోమలకు ఆపరేషన్, కీమో అన్నీ అయిపోయాయి. ప్రస్తుతం ఒంట్లో గడ్డ లేదు. కానీ ఈ జబ్బు కొందరికి తిరగబెడుతుంది. తిరగబెట్టకుండా ఒక టీకా ఆపగలదేమో చూస్తున్నారు.

"ఆపుతుందో లేదో మాకూ తెలియదు. తెలుసుకోవడానికే ఈ పరీక్ష," అందామె. "సగం మందికి టీకా, సగం మందికి ఉప్పునీళ్లు. ఎవరికి ఏది పోవాలో కంప్యూటరే పంచుతుంది. సీసా మీద నంబరు తప్ప నాకు కూడా ఏమీ కనపడదు. ఇష్టం లేకపోతే ఇప్పుడైనా మానుకోవచ్చు, మధ్యలోనైనా మానుకోవచ్చు. మీ వైద్యానికేమీ అడ్డు రాదు."

వీరేశం చెవికి ఆ మాటల్లో టీకా ఒక్కటే వినపడింది. కోమలకు మాత్రం అన్నీ వినపడ్డాయి. ఆమె తల్లి ఇదే జబ్బుతో, దాని పేరైనా తెలియకుండా, దిష్టి తగిలిందని తాయెత్తులు కట్టించుకుంటూ పోయింది.

"నాకు పనిచేయకున్నా ఇంకొకరికన్న తెలుస్తది గదా మేడం," అని ఒప్పుకుంది.

రెండోసారి సూదికి పోయినప్పుడు వరండా బెంచీ మీద లింగస్వామి, రామమ్మ పరిచయమయ్యారు. వాళ్లది అచ్చంపేట. లింగస్వామి మార్కెట్ యార్డులో హమాలీ, రామమ్మ అక్కడే పల్లికాయ ఏరే పనికి పోయేది. ఆమెకూ ఇదే ఆపరేషను, ఇదే పరీక్ష. భూమి ఉన్నవాడని వీరేశం పంచెకట్టు చూసి గుర్తుపట్టాడో ఏమో, లింగస్వామి అతన్ని "పటేలా" అని పిలిచాడు. బెంచీ మీద జాగా ఉన్నా జర ఎడంగానే కూర్చున్నాడు.

ఆడవాళ్లకు ఆ ఎడం అక్కరలేకపోయింది. కాసేపట్లోనే రామమ్మ జొన్నరొట్టె, పల్లికారం విప్పి కోమల చేతిలో పెట్టింది. కోమల సంచిలోంచి బత్తాయిలు తీసింది. ఇద్దరూ ఆపరేషన్ కుట్ల గురించి, ఒకవైపు బరువు లేక నడక కుదరకపోవడం గురించి నవ్వుకుంటూ మాట్లాడుకుంటుంటే మగవాళ్లిద్దరూ తలలు తిప్పుకుని గోడకేసి చూశారు.

"మొదటి సూదికి మా రామమ్మ ఒళ్లు పెనం లెక్క కాలింది పటేలా," అన్నాడు లింగస్వామి. అతని మొహంలో సంబరం దాగడం లేదు. "చెయ్యి గింత వాచింది. రెండు రోజులు లేవలె. అమ్మయ్య, మందే పడ్డది అనుకున్న."

వీరేశం "ఔనా" అని ఊరుకున్నాడు. లోపల మాత్రం భగ్గుమంది. వాళ్ల అదృష్టం మీద ఏడుపు వచ్చింది. ఈ హమాలీ భార్యకు మందు, నా భార్యకు నీళ్లా అని కూడా అనుకున్నాడు.

ఆ రోజే, కోమల లోపల రక్తం ఇస్తుండగా, అతను మంజులత గదిలోకి పోయి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మేడం, మాకు నీళ్లు పడుతున్నయని నాకు అర్థమైంది. మీకు పుణ్యముంటది. ఈసారన్న మందు పడేటట్టు చూడుండ్రి. ఆమె లేకుంటే నేను లేను."

మంజులత కుర్చీ చూపించింది. "వీరేశం గారూ, జ్వరం రాకపోతే నీళ్లని, వస్తే మందని చెప్పలేం. నాకు నిజంగా తెలియదు. తెలిసినా మార్చలేను. మారిస్తే ఈ పరీక్షకు అర్థమే ఉండదు."

బస్సులో ఆ సంగతి చెబితే కోమల అతని వైపు తిరిగింది.

"అంటే? రామమ్మది గుంజి నాకు పెట్టుమన్నవా?"

"గట్ల ఎందుకంటా?"

"మరెట్ల? సగం మందికే ఉన్నది మందు. నాకొస్తే ఇంకొకామెకు పోదు. ఆమెను చూసి మాట్లాడినంక గట్ల ఎట్ల అడగబుద్ధయింది నీకు?"

చౌటుప్పల్ దాటేదాకా వీరేశం కిటికీలోంచే బయటికి చూశాడు.

సూది వెంట సూది పడుతూ వచ్చింది. ప్రతిసారీ రామమ్మకు జ్వరం, కోమలకు ఏమీ లేదు. రామమ్మ వాచిన చేతిని కొంగుతో కప్పుకుని వచ్చేది. ఎదుటివాళ్లకు లేనిది తనకు దొరికినందుకు సిగ్గుపడుతున్నట్టుండేది. ఒకసారి కోమల ఆ కొంగు తీసి, వాపు మీద వేలితో మెల్లగా ఒత్తి, "మంచిగ వాచింది పో," అంది నవ్వుతూ.

"సగం నీకిస్త తీసుకోరాదు అక్కా. గీ జొరం నేనొక్కదాన్నే మొయ్యలేకపోతున్న," అంది రామమ్మ.

బెంచీ మీది ఎడం కూడా తగ్గుతూ వచ్చింది. లింగస్వామి యార్డు కబుర్లు చెప్పేవాడు. వీరేశం బత్తాయికి పట్టిన తెగులు గురించి చెప్పేవాడు. ఇద్దరూ ఒకే టీ బండి దగ్గర నిలబడి టీ తాగేవాళ్లు. అయినా వీరేశం కడుపులో ఆ మంట ఆరలేదు. రామమ్మ చెయ్యి కంటపడినప్పుడల్లా రాజుకునేది.

సూదులన్నీ అయిపోయి, పరీక్షలకు మాత్రమే పోయి వస్తున్న రోజుల్లో, ఒక పొద్దున వీరేశం తోటలో ఎండుకొమ్మలు కత్తిరిస్తుండగా ఫోన్ మోగింది. లింగస్వామి.

"పటేలా, రామమ్మకు నడుము నొప్పి అంటే స్కాన్ తీసిన్రు," అన్నాడు. "ఎముకల్లకొచ్చిందట."

వీరేశం "అయ్యో" అన్నాడు. నోరు అయ్యో అంటుండగానే మనసులో ఇంకో మాట కదిలింది. అయితే ఆమెకు పడింది మందు కాదన్నమాట. ఆ వెంటనే, అయితే మనకు పడిందే మందేమో!

ఒక్క క్షణం ప్రాణం తేలికపడింది. మరుక్షణం తనకేం తోచిందో తనకే తెలిసింది. కత్తెర కింద పడేసి కాలువ గట్టు మీద కూలబడ్డాడు. ఫోన్‌లో లింగస్వామి ఇంకా అడుగుతూనే ఉన్నాడు. "గంత జొరం వచ్చింది గదా పటేలా. మరెట్లొచ్చింది? నువ్వు చదువుకున్నోనివి, జర చెప్పు." మళ్లీ చేస్తానని వీరేశం ఫోన్ పెట్టేశాడు. ఆ ఆలోచన అతను కోమలకు కూడా ఎన్నడూ చెప్పుకోలేదు.

పరీక్షలో నుంచి రామమ్మను తీసేసి మళ్లీ కీమో మొదలుపెట్టారు. దానికీ లొంగలేదు. ఆమెను చూడ్డానికి భార్యాభర్తలిద్దరూ దేవరకొండ మీదుగా అచ్చంపేట పోయారు. రేకుల ఇంటి ముందు వేసిన మంచంలో రామమ్మ ఒక పక్కకు ఒరిగి ఉంది. తల మీద మళ్లీ వెంట్రుకలు లేవు. కోమలను చూసి లేవబోయి, లేవలేక నవ్వింది.

కోమల మంచం పట్టె మీద కూర్చుని బత్తాయి ఒలిచి, పొట్టు తీసి, ఒక్కో తొన నోట్లో పెట్టింది. రెండు తొనలు తిని రామమ్మ చాలంది.

"ఉత్త నీళ్లే పొడిచిన్రేమో అక్కా నాకు. జొరమొస్తే మందే అనుకొని ఎంత మురిసినమో. మా ఆయన యార్డులందరికీ చెప్పుకున్నడు."

నీళ్లే అంటే, ఆమెకు అందవలసింది అందలేదన్నట్టవుతుంది. మందే అంటే, మందు కూడా ఆమెను కాపాడలేదన్నట్టవుతుంది. ఏది అన్నా ఓదార్పు కాదు. అందుకని కోమల ఊరికే ఆమె అరికాళ్లు ఒత్తుతూ కూర్చుంది.

"నువ్వు పోతున్నవా దవాఖానకు?" అని అడిగింది రామమ్మ.

"నాకింక పోబుద్ధి అయితలేదే."

"గట్లనకు. ఆఖరిదాకా పో. మనం నడుమ ఇడిస్తే వాళ్లకేం తెలుస్తది? గిన్ని సూదులు పొడిపిచ్చుకున్నదంతా ఉత్తగనే పాయె."

వీరేశం ఇంటి వెనక్కి పోయి నిలబడ్డాడు. కాసేపటికి లింగస్వామి కూడా వచ్చి పక్కన నిలబడ్డాడు.

యార్డుకు పల్లికాయ రావడం మొదలైన రోజుల్లో రామమ్మ పోయింది. భార్యాభర్తలిద్దరూ అచ్చంపేట పోయి మట్టి వేసి వచ్చారు. ఆ తర్వాత రక్తపరీక్షకు రమ్మని కబురు వస్తే కోమల వీరేశాన్ని తొందరపెట్టి మరీ పోయేది. ప్రతిసారీ ఆమెకు జబ్బు లేదనే చెప్పేవాళ్లు. ప్రతిసారీ వీరేశానికి సంతోషంతో పాటు తల దించుకోవాలనిపించేది.

పరీక్ష ముగిసిందని, ఫలితం చెబుతామని కబురొచ్చింది. చనిపోయినవాళ్ల ఇళ్లకు కూడా ఫోన్లు చేశారట. దవాఖాన పై అంతస్తు హాలులో లింగస్వామి వెనక వరుసలో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. బుగ్గలు లోపలికి పోయాయి. వీరేశం, కోమల పోయి అతనికి చెరొక పక్క కూర్చున్నారు.

మంజులత మైకు పక్కన పెట్టి మామూలుగానే మాట్లాడింది. "టీకా వేసిన వాళ్లలో, వేయని వాళ్లలో జబ్బు తిరిగి రావడం దాదాపు ఒకే తీరుగా ఉంది. ఈ టీకా పనిచేయదని తేలింది. మీరంతా వచ్చారు కాబట్టే తేలింది. ఇంకా మంచి ఫలితం చెప్పాలని ఎంతో ఆశపడ్డాను."

ఎవరికి ఏది ఇచ్చారో గదిలో విడివిడిగా చెబుతామన్నారు. రామమ్మ పేరు పిలవగానే లింగస్వామి వీరేశం చెయ్యి పట్టుకున్నాడు.

"ఒక్కన్ని పోలేను అన్నా. నువ్వు రా."

పటేలా అనకుండా అన్నా అన్నాడని వీరేశానికి లోపలికి పోయాక గానీ తట్టలేదు.

"రామమ్మ గారికి ఇచ్చింది టీకానే," అంది మంజులత.

"నీళ్లు కాదు గదా మేడం?"

"కాదు."

లింగస్వామి ఊపిరి వదిలాడు. "ఆమెను ఉత్తగ తిప్పిన్నేమో అనుకుంట నిద్రబోలె ఇన్నొద్దులు. అయితే మందే పడ్డది. ఇయ్యగలిగింది ఇచ్చిన." దండం పెట్టి బయటికి వచ్చాడు.

తర్వాత కోమలను పిలిచారు. భార్యాభర్తలు లోపలికి పోయి ఎంతోసేపు కాకముందే బయటికి వచ్చారు. ఆ పాత బెంచీ మీద లింగస్వామి వాళ్ల కోసమే చూస్తున్నాడు.

"అక్కకేం పడ్డదట?"

వీరేశం ఇన్నాళ్లూ ఏ సంగతి తెలుసుకోవాలని కుతకుతలాడాడో, అది తెలిశాక నోటితో అనలేకపోయాడు. కోమలే చెప్పింది.

"నాకు నీళ్లేనయ్యా, లింగస్వామీ."

లింగస్వామి తల ఊపాడు. "మంచిగుండక్కా. మంచిగుండు," అన్నాడు. రామమ్మను మట్టిలో పెట్టిననాడు కూడా ఏడవని మనిషి, వరండాలో అందరూ చూస్తుండగా మోకాళ్ల మీద తల పెట్టుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. "మరి దానికే ఎందుకైంది అన్నా? దానికే ఎందుకు?"

వీరేశం అతని వీపు చుట్టూ చెయ్యి వేసి తన వైపుకు లాక్కున్నాడు. కోపం తెచ్చుకుందామన్నా ఎవరి మీద? డాక్టరమ్మ అబద్ధం చెప్పలేదు. మందు పంచిన కంప్యూటరుకు రామమ్మ ఎవరో తెలియదు. ఇటు కోమలకు ఇన్నాళ్లూ అడ్డం నిలబడిందనుకున్న మందు లేనే లేదు. రేపు జబ్బు తిరిగి వస్తే రావచ్చు, రాకపోతే రాకపోవచ్చు. అతను బెంచీ మీద ఇద్దరి మధ్యా కూర్చుని, ఒక చేత్తో లింగస్వామిని, ఇంకో చేత్తో భార్య మణికట్టును పట్టుకున్నాడు.

ఎంజీబీఎస్ బస్టాండ్‌లో అచ్చంపేట బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. నల్లగొండ బస్సులు ఇంకో పక్కన ఆగుతాయి. లింగస్వామి "పోయొస్త" అని మెట్టెక్కాడు. కోమల కదల్లేదు.

"ఆయన బిడ్డనేమో అత్తగారింట్ల ఉండె. ఆ ఇంట్లకు గీ మాట మోసుకొని ఒక్కడు ఎట్ల పోతడు?" అంది భర్తతో. "నడువు. మనం గూడ పోదం."

"మరి తోటకు నీళ్లు?"

"ఒక్కరోజు పెట్టకుంటే చెట్లు సావయి."

ఇద్దరూ ఎక్కారు. కండక్టరు కోమల ఆధార్ చూసి, ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ కొట్టి ఇచ్చాడు, మగవాళ్లిద్దరికీ వీరేశం తీసుకున్నాడు. కల్వకుర్తి దాటాక లింగస్వామి తనంతట తానే మొదలుపెట్టాడు. పెళ్లైన కొత్తలో రామమ్మ బస్సు ఎక్కితే కళ్లు తిరుగుతాయని డ్రైవరు వెనకే నిలబడేదట, బండి మెల్లగా తోలమని అతన్ని తిట్టేదట. చెబుతూ చెబుతూ నవ్వాడు, నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. కోమల "ఇంక?" అని అడిగింది. వీరేశం చెవి దగ్గరగా పెట్టి వింటూ కూర్చున్నాడు.