అందించని పంక్తి

గార్డు పెట్టె నెత్తిన పెట్టుకుని ఇస్సాకు జనం వెనక నిలబడ్డాడు. ఆదివారం పొద్దున కాజీపేట జంక్షన్‌లో ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టే సందు లేదు. బండి చివరి డబ్బా దగ్గర గార్డు పాండురంగం పచ్చజెండా చంకలో ఇరికించుకుని మెడ చాచి ఇటే చూస్తున్నాడు. ఇద్దరి మధ్య మూటలు, కోళ్ల గంపలు, ఎవరో పెళ్లివారి సామాను. "జర జరుగుండ్రి" అని ఒక్క కేక వేస్తే దారి దానంతటదే వస్తుంది. తక్కిన పోర్టర్లందరూ రోజంతా అరిచేది ఆ మాటే. ఇస్సాకు మాత్రం అనడు. దగ్గుతాడు. పెట్టె అంచును ముందున్నవాడి భుజానికి మెల్లగా తాకిస్తాడు. వాడు తిరిగి చూసి, నాలుగు తిట్టి పక్కకు జరిగితే అప్పుడు ఒక అడుగు వేస్తాడు.

"నోరు తెరిస్తే ముత్యాలు రాల్తయా నీకు?" పెట్టె డబ్బాలోకి ఎక్కుతుండగా పాండురంగం విసుక్కున్నాడు. "సిగ్నల్ పడి ఎంతసేపాయె! జనాన్ని జరుగుమని చెప్పనీకి ఏం రోగమయ్యా?"

"అయిపాయె సార్, ఎక్కిచ్చిన," అన్నాడు ఇస్సాకు.

పాండురంగం కొత్తగా బదిలీ మీద వచ్చినవాడు, ఆయనకేం తెలుసు! ఆ రోగమేమిటో కాజీపేటలో పాతవాళ్లందరికీ తెలుసు.

ఇస్సాకు బాక్స్ బాయ్. యాభై ఏడేళ్లు వచ్చి, మనుమరాలు బడికి పోతున్నా, రైల్వేలో ఆ ఉద్యోగానికి పేరు అదే. జెండాలు, దీపం, ప్రమాద సూచనకు పట్టాల మీద పేల్చే పటాకీలు, రూల్సు పుస్తకం ఉండే ఇనప పెట్టెను గార్డు వెంట బండికి మోయాలి, బండి దిగితే మళ్లీ గదికి మోయాలి. ఎన్నో ఏళ్ల బరువుకు మెడ భుజాల్లోకి దిగిపోయింది. గుడ్డ కుదురు పెట్టే చోట నడినెత్తిన వెంట్రుకలు మొలవడం మానేశాయి. పెట్టె దించాక కూడా ఆయన తల కదలకుండా నడుస్తాడు, ఇంకా ఏదో పడిపోతుందేమో అన్నట్టు.

పట్టాల అవతల ఎర్ర ఇటుకల చర్చి ఉంది. ఇంజన్లు నడిపే ఆంగ్లో ఇండియన్లు ఉన్నంతకాలం ముందు వాళ్ల ఇంగ్లీషు ఆరాధన, అదయ్యాక తెలుగు ఆరాధన. వాళ్ల పాటలకు కాలితో తొక్కే హార్మోనియం, అట్ట పుస్తకాలు. తెలుగువాళ్ల పాటలకు ఇస్సాకు. చదువు రాని జనమే ఎక్కువ. అందుకని ఆయన ముందు నిలబడి పాటలో ఒక పంక్తి అందిస్తాడు. జనం దాన్ని రాగంలో రెండుసార్లు పాడి ఆగుతారు. ఆయన తరువాతి పంక్తి అందిస్తాడు. అందిస్తే తప్ప ముందుకు పోయేది లేదు. పాట అందరికీ నోటికి వచ్చినా సరే, ఆగి ఆయన ముఖం వైపు చూసేవాళ్లు.

ఆడవాళ్ల వైపు ఆ పంక్తిని మొదట అందుకునేది ఆయన భార్య సమ్మమ్మ. హసన్‌పర్తి పొలాల్లో నాట్లు వేస్తూ ఈ మడి నుంచి ఆ మడికి వినబడేలా పాడిన గొంతు ఆమెది. చేతిలో చిన్న కంచు తాళాలు ఉండేవి. ఆమె ఎత్తుకుంటే చాపల మీద కూర్చున్న ఆడవాళ్లంతా ఆమె వెనకే పోయేవారు, ఆడవాళ్ల వెనక మగవాళ్లు. ఇస్సాకు ఇచ్చినదాన్ని సమ్మమ్మ కింద పడనియ్యదని పెద్దలు మెచ్చుకుంటుంటే ఆయనకు లోలోపల ఎంత గర్వంగా ఉండేదో!

డెబ్భై రెండులో, ఎదిగిన పిల్లలను సంఘంలో చేర్చుకునే కన్ఫర్మేషన్ ఆరాధనకు బిషప్‌గారు వచ్చారు. చుట్టుపక్కల ఊళ్ల జనం బండ్లు కట్టుకుని దిగారు. చాపలు చాలక ఆడవాళ్లు నడిమి దారిలోకి వచ్చి కూర్చున్నారు. ముందు సిలువ, వెనక తెల్లంగీలు తొడుక్కున్న పిల్లలు, ఆ వెనక చేతికర్రతో బిషప్‌గారు. గుమ్మం దాటి రెండడుగులు వేశారో లేదో, అంతా ఆగిపోయారు. దారి లేదు. ఇటు ఇస్సాకు మొదటి పంక్తి అందించాడు: "వాకిట నిలిచిన వారము తండ్రీ, వట్టి చేతుల వారము." జనం రెండుసార్లు పాడి ఆయన వైపు చూశారు. ఇస్సాకు చూపు మాత్రం ఆడవాళ్ల మధ్య చిక్కుకుపోయిన బిషప్‌గారి మీద ఉంది. ప్లాట్‌ఫారం మీద రోజంతా అలవాటైన నోరు ఊరుకుంటుందా? గొంతెత్తి అనేశాడు.

"జర జరుగుండ్రి, తొవ్వ ఇడువుండ్రి!"

సమ్మమ్మ తాళం వేసి, ఏ మాత్రం తడబడకుండా, అదే రాగంలో ఎత్తుకుంది. "జర జరుగుండ్రీ... తొవ్వ ఇడువుండ్రీ..." ఆడవాళ్లంతా అందుకున్నారు. మగవాళ్లు అందుకున్నారు. ఇస్సాకు రెండు చేతులూ ఊపాడు, వద్దని. ఇంకా గట్టిగా పాడమంటున్నాడని వాళ్లు అనుకున్నారు. పద్ధతి ప్రకారం రెండోసారి కూడా నిండుగా, భక్తిగా, కళ్లు మూసుకుని పాడారు. పాటలో మునిగి ఉన్నారు కాబట్టి ఒక్కరు కూడా జరగలేదు. పాట ఆగాక బిషప్‌గారు అక్కడే నిలబడి "ఆమేన్" అన్నారు. తెల్లంగీల పిల్లలు చేతుల్లో ముఖాలు దాచుకున్నారు. అప్పుడు లేచిన నవ్వు లోకోషెడ్డు దాకా వినిపించి ఉంటుంది.

బిషప్‌గారే అందరికన్నా ఎక్కువ నవ్వారు. భోజనాల దగ్గర ఇస్సాకును పిలిచి వీపు తట్టారు కూడా. అదేదీ ఆయనకు ఎక్కలేదు. భూమి చీలితే అందులోకి పోదామన్నంత సిగ్గు. చాయ్ దుకాణంలో, షెడ్డులో, మార్కెట్లో ఎక్కడికి పోయినా ఎవడో ఒకడు రాగం తీసేవాడు.

ఇంటికి రాగానే ఆ సిగ్గునంతా తెచ్చి సమ్మమ్మ మీద దించాడు.

"ఏది పాటనో ఏది మాటనో ఎరుక లేదా నీకు? నీ వల్లనే నా ఇజ్జత్ పాయె!"

"నువ్వు అందిస్తివి, నేను అందుకుంటి," అంది సమ్మమ్మ. ఆమెకు అందులో తప్పేమిటో నిజంగానే అర్థం కాలేదు. అది చూస్తే ఇస్సాకుకు ఇంకా మండింది. ఆమె చేతిలోని తాళాలు గుంజుకుని, తాడు తెంపి, రెంటినీ వాకిట్లోకి విసిరేశాడు.

"ఇగ నీ నోరు లేసిందా, చూడు!"

ఆ తరువాత ఆమె నోరు లేవలేదు. ఒక నెల, పంతానికి అనుకున్నాడు. ఏడాది గడిచాక అది పంతం కాదని తెలిసింది. ఆయన ఒక మాట అందించాడు, ఆమె దాన్ని కింద పడనివ్వలేదు, అంతే. కొన్నేళ్లకు చర్చిలో తెలుగు పాటల పుస్తకాలు వచ్చాయి, నంబర్లు వచ్చాయి, స్కూలు టీచరు జయరాజు గాయకబృందాన్ని పెట్టాడు. అందించేవాళ్ల పని పోయింది. సమ్మమ్మ చదవలేని పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని, పెదవులు మూసుకుని కూర్చునేది. వంటింట్లో కూనిరాగం కూడా లేదు. తప్పయిందని ఒక్క మాట అంటే సరిపోయేది. అంటే తాను చేసిన పని మళ్లీ ఇద్దరి మధ్యకు వస్తుందని సిగ్గుపడ్డాడు. నవ్వులపాలైన సిగ్గు ఎప్పుడో అరిగిపోయింది. ఇది అరగలేదు.

ఆ ఆదివారం పొద్దున డ్యూటీ దిగి ఇస్సాకు క్వార్టర్‌కు వచ్చేసరికి సమ్మమ్మ మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. కాళ్లు పొంగాయి. గుండె బలహీనపడిందని రైల్వే దవాఖానలో చెప్పారు. చలికాలం మొదట్లో ఆమె మంచం పట్టినప్పటి నుంచి వంట ఆయనదే. వంటింట్లోకి మొదటిసారి పోయిన రోజే చూశాడు. ఉప్పు గురిగి మీద మూతగా ఒక కంచు చిప్ప, కారం గురిగి మీద ఇంకొకటి. తాళాల తాడు పోయే చిల్లిలో చెమ్మ దూరకుండా నీలం గుడ్డపేలిక కుక్కి ఉంది. తన పాత యూనిఫాందే. ఇన్నేళ్లూ ఆ ఉప్పే తిన్నాడు. అప్పటి నుంచి ఆ మూతలను చప్పుడు కాకుండా రెండు వేళ్లతో ఎత్తుతున్నాడు, మోగితే ఆమె వింటుందని. ఇవాళ కూడా అలాగే ఎత్తి, జావలో ఉప్పు వేసి, తాగించి చర్చికి పోయాడు.

ఆరాధన అయ్యాక జయరాజు మెట్ల దగ్గర పట్టుకున్నాడు.

"మామా, వచ్చే నెల కొత్త బిషప్‌గారు వస్తాండు. పాత తీరు ఒక్క పాట అందియ్యాలెనని ముసలోళ్లు నన్ను పీకుతాండ్రు. నువ్వు తప్ప ఎవలున్నరు?"

"మల్ల నవ్వులాటకా?"

"నవ్వితె నవ్వనీ మామా. అప్పుడు నేను తెల్లంగీల ఉంటి. గంత గట్టిగ చర్చి పాడంగ నేను మల్ల వినలే."

ఇస్సాకు చెప్పులు తొడుక్కున్నాడు. "నేను అందిస్తె సరిపోదు. ఆమె అందుకోవాలె," అన్నాడు.

ఇంటిదాకా ఆ మాటను మూటలా మోసుకొచ్చాడు. ఇప్పుడు అడగడానికి ఒక వంక దొరికింది. తప్పయిందని విడిగా చెప్పనక్కర్లేదు, పాడమంటే చాలు, ఆమెకు అర్థమవుతుంది. మంచం పక్క పీట వేసుకుని కూర్చున్నాడు. పాడమని అడగడానికి కూడా నోరు రాలేదు. చివరికి ప్రార్థన చేసుకునేవాడిలా తల వంచుకుని, సన్నగా మొదటి పంక్తి అన్నాడు.

"వాకిట నిలిచిన వారము తండ్రీ, వట్టి చేతుల వారము."

సమ్మమ్మ ఇటు తిరిగింది. ఆయన ముఖంలోకి చూసింది.

"నన్ను పాడుమంటానవా?" అంది.

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. పొయ్యి మీద ఎసరు పెట్టనా అని అడిగినట్టే అడిగింది. ఇస్సాకు తలూపాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇప్పుడు రెండో పంక్తి అందించాలి. "పొద్దు గుంకకముందే మమ్ము పిలువుమయ్యా లోనికి." నోటికి వచ్చిన పంక్తే. ఆ రోజు సరిగ్గా దాని చోటే ఆ పాడు మాట పడింది. దగ్గాడు. గోడకున్న యూనిఫాం అందుకున్నాడు.

"సాయంత్రం బండికి డ్యూటీ ఉన్నది. వచ్చినంక మిగిలింది అందిస్త."

"మంచిది," అంది సమ్మమ్మ.

పక్కింటి పూలమ్మను ఆమె దగ్గర కూర్చోమని చెప్పి స్టేషన్‌కు పోయాడు. ఆ సాయంత్రం ఇస్సాకు వేరే మనిషి. బండి రాగానే పెట్టె ఎత్తుకుని జనంలోకి దూరి, "జర జరుగుండ్రి! తొవ్వ ఇడువుండ్రి!" అని కేక వేశాడు. పాత పోర్టర్లు నోరు తెరుచుకుని చూశారు. ఒకడు రాగం తీశాడు కూడా. ఇస్సాకు నవ్వాడు. జనం చీలిపోయారు. పెట్టె గార్డు గదిలో దించి, ఎవరికీ చెప్పకుండా పట్టాలు అడ్డంగా దాటి ఇంటికి నడిచాడు, రెండో పంక్తిని నోట్లో అనుకుంటూ.

వాకిట్లో నలుగురు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. ఆయనను చూసి పక్కకు జరిగారు. పూలమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

"పోయిందన్నా. ఇప్పుడే, ఇంత ముందుగాల్నే."

ఇస్సాకు తలుపు పట్టుకున్నాడు.

"దీపం పెట్టే యాల్లకు కూసుంట అన్నది. గోడకు ఆనిచ్చి కూసోబెట్టిన. పాడబట్టిందన్నా! ఇన్నేండ్ల సంది పక్కింట్ల ఉంటి, ఆమెకు గంత మంచి గొంతున్నదని నాకు ఎరుకనే లేదు. ఒక్కటే లైను, వాకిట నిలిచిన వారము అనుకుంట. రెండుసార్లు పాడుడు, ఆగుడు, తలుపు దిక్కు చూసుడు. మల్ల అదే. ముంగటిది పాడరాదక్కా అంటె, 'ఆయినె అందియ్యాలె' అన్నది. నీళ్లు తెద్దామని పోయి వచ్చేసరికి..."

మర్నాడు సమాధి దగ్గర జయరాజు పుస్తకం మూసి, "మామా, నువ్వు అందియ్యి," అన్నాడు మెల్లగా. ఇస్సాకు నోరు తెరిచాడు. అందరూ ఆయన వైపు చూస్తూ ఆగారు. ఎంతకీ మాట రాకపోతే జయరాజే పుస్తకం తెరిచి, నంబరు చెప్పాడు.

జనం వెళ్లిపోయాక పూలమ్మ ఇంత అన్నం, పప్పు తెచ్చి ఇచ్చింది. పప్పులో ఉప్పు తక్కువైంది. ఇస్సాకు కంచం పట్టుకుని వంటింట్లోకి పోయాడు. ఇప్పుడు చప్పుడైనా వినేవాళ్లు లేరు. అయినా అలవాటుగా చెయ్యి మెల్లగానే చాచి, తాకబోయి ఆగిపోయాడు. ఉప్పు గురిగి మీద కంచు చిప్ప బోర్లించి ఉంది, దాని నడిమి చిల్లిలో సమ్మమ్మ కుక్కిన నీలం పేలిక చెమ్మకు కొంచెం ఉబ్బి ఉంది.