పండుకున్న కంప్యూటర్

నా లినక్స్ కంప్యూటర్‌ను నిద్రపుచ్చి లేపడం నేర్చుకోవడానికి వారం పట్టింది. మొదట్లో పడుకుందంటే లేచేది కాదు, తెర నల్లగానే ఉండేది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. రెండుసార్లు దాన్ని తిట్టి, తెరను నడిపే డ్రైవరు సాఫ్ట్‌వేర్ మార్చి, ఎట్టకేలకు లేపాను. ఇక ఆఫ్ చేయడమే మానేశాను. రాస్తున్నది రాస్తున్నట్టే ఉంటుంది కదా అని సేవ్ చేయడానికీ బద్ధకించాను.

ఈ రోజు సాయంత్రం ఐదింటిలోపు మహబూబాబాద్ కాలేజీకి నా ఎం.ఏ. ప్రాజెక్టు మెయిల్‌లో పంపాలి. లేదంటే ఏడాది పోయినట్టే. మా తండా పెళ్లిపాటల మీద రాశాను. పాటలన్నీ మా నాయనమ్మ రుక్కి పాడినవే. పొద్దున ఆమె పాడుతుంటే చివరి పాట టైపు చేసి, కంప్యూటర్‌ను నిద్రపుచ్చి, సార్ సంతకం కోసం కేసముద్రం బయల్దేరాను. పోతూ పోతూ ఆమెకు చెప్పాను.

"గిది పండుకున్నది. ముట్టకు."

మూడింటికి తిరిగొస్తే కంప్యూటర్ డబ్బా మీద దుప్పటి. చెయ్యి పెడితే కాలుతోంది. మా ఇల్లు రోడ్డు పక్కనే. మార్కెట్‌కు పోయే లారీలకు టేబుల్ అదిరి, మౌస్ కదిలి, అది తనంతట తానే లేచింది. దుప్పటి కింద గాలాడక వేడెక్కి ఆగిపోయింది. మౌస్ కదిలితే లేవకుండా సెట్ చేయాల్సింది, నేనే మర్చిపోయాను. ఆన్ చేసి చూస్తే చివరి పాట లేదు.

ముట్టొద్దంటే అర్థం కాదా, నీకేం తెలుసని ఇల్లెగిరిపోయేలా అరిచాను.

"పండుకున్నదంటివి. చలిపెడ్తదని కప్పిన," అని నాయనమ్మ అటు తిరిగి కూర్చుంది.

నాలుగైంది. తప్పు నాదని తెలుసు, ఆ మాట మాత్రం నోట్లోంచి రాలేదు. ఇటు చూస్తే గడియారం, అటు చూస్తే ఆమె వీపు. లేచాను, కూర్చున్నాను, మళ్లీ లేచాను. చివరికి సిగ్గు విడిచి ఆమె కాళ్ల దగ్గర చతికిలబడి, ఒక్కసారి పాడమని బతిమాలాను.

ఆమె కొంగు తల మీదికి లాక్కుని రాగం తీసింది. అది అత్తారింటికి పోయే పిల్ల ఏడుస్తూ పాడే పాట. ఏడ్చే మనిషి తన బాధ కూడా అందులో కలుపుకోవచ్చు, అది మా రివాజు. పొద్దున తల్లినీ, ఆవులనూ తలుచుకుంది. ఇప్పుడు మధ్యలో కొత్త చరణం వచ్చింది. మా భాషలో పాడిందాన్ని తెలుగులో చెబితే ఇంతే:

"కప్పితే తిట్టినవు బిడ్డా, రేపు నన్ను కప్పినంక ఎవరిని తిడ్తవు."

ఆగడానికి టైం లేదు. ఏడుస్తూనే ఆ చరణం కూడా టైపు చేశాను.