వంకర కొప్పు

నేను ఒక జంపఖానాను. వరంగల్ కొత్తవాడలో, మగ్గం మీద ఎర్రచారలతో, నీలంచారలతో పుట్టాను. చాలాకాలం ఒక టెంట్‌హౌస్‌లో కొలువు చేశాను. పెళ్లిళ్లలో నామీద కూర్చుని పప్పులో ఉప్పు తక్కువైందన్నవాళ్లే, దినాల్లో కూర్చుని పోయినాయన ఎంత మంచివాడో చెప్పేవారు. ఆయన బతికుండగా ఆ మాట ఎవరూ అనగా నేను వినలేదు. నా అంచులు పీచులు లేచాక టెంట్‌హౌస్ యజమాని నన్ను కాలనీ కమ్యూనిటీ హాలుకు దానం చేశాడు. మనిషికి దానబుద్ధి పాతవస్తువును చూసినప్పుడే పుడుతుంది.

హాలులో పొద్దున్నే యోగా క్లాసు. నేర్పేది నీహారిక అనే అమ్మాయి. మొదటిరోజు ఆమె ఉత్తరపు గోడ దగ్గర నిలబడి, తల తనవైపు పెట్టి అందరినీ వెల్లకిలా పడుకోమంది. ఎవరూ పడుకోలేదు.

“ఉత్తరం దిక్కు తలపెట్టి పండుకుంటమా మేడం?”

“అయితే తల అటు తిప్పండి.”

“మీ దిక్కు కాళ్లు జాపుడా? తప్పు గాదు?”

ఆరోగ్యం కోసం వచ్చినవాళ్లంతా చాలాసేపు అలా నిలబడే ఉన్నారు. చివరికి మేడమే దక్షిణపు గోడకు మారింది.

ఎవరికేం కావాలని అడిగితే ఒకరు షుగరు తగ్గాలన్నారు, ఒకరు పొట్ట తగ్గాలన్నారు. కొమురమ్మ మాత్రం “నా కొప్పు నేనేసుకోవాలె” అంది. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత ఆమె కుడిచెయ్యి భుజం దాటి లేవడం లేదు. మందులకు ఊడిన జుట్టు మళ్లీ పెరిగింది కానీ ముడివేయడానికి చెయ్యి సాగడం లేదు. రోజూ తోడికోడలు రాజవ్వ, క్లాసుకు ముందు నామీదే కూర్చోబెట్టి, బర్రెను గుంజకు కట్టినట్టు కొప్పు వేసేది. కొమురమ్మ కళ్లలో నీళ్లు తిరిగేవి. అవి జుట్టు లాగినందుకు కాదు.

వెల్లకిలా పడుకుని చేతిని నామీదుగా తలవైపు జరపాలంది మేడం. కొమురమ్మ పళ్లు బిగించి లాగేది. చెయ్యి భుజం పక్కనున్న ఎర్రచార దగ్గరే మొరాయించేది.

“గుంజొద్దు పెద్దమ్మా. ఊపిరి విడుస్తూ జారనివ్వు. ఎక్కడ ఆగితే అక్కడే ఆగు, అక్కడ ఎట్లుందో చూడు.”

“ఆగుడు నాకేం కొత్త బిడ్డా?”

కానీ ఆగింది. పక్కన రాజవ్వ ఊపిరిని గమనిస్తూ గురక పెట్టేది. చలి పోయి ఎండలు ముదిరేసరికి కొమురమ్మ చెయ్యి ఆ పైనున్న నీలంచార కూడా దాటింది. నాకు చాలా సంతోషమైంది. ఎందరో నామీద కూర్చున్నారు, తిన్నారు, ఏడ్చారు. నా చారలను ఇంత శ్రద్ధగా తడిమినవాళ్లు లేరు.

ఒకరోజు క్లాసు అయ్యాక కొమురమ్మ లేచి కూర్చుని, జుట్టు విప్పి, పిన్నులు పళ్ల మధ్య పెట్టుకుంది. రెండు చేతులూ మెల్లగా తల వెనక్కి వెళ్లాయి. ఒక పిన్ను జారి నా పోగుల్లో పడింది. ముడి మాత్రం పడింది.

రాజవ్వ నిద్రలోంచి లేచి చూసింది. “వంకరున్నదే! ఇటు రా, మంచిగ ఏస్త.”

కొమురమ్మ, చాచిన రాజవ్వ చేతిమీద ఒక్కటి వేసింది. “ఉండనీ.”

ఇప్పుడు నేను బాగా చిరిగాను. నన్ను మడిచి హాలు గుమ్మం ముందు కాళ్లు తుడుచుకోవడానికి వేశారు. ఆ పిన్ను ఇంకా నాలోనే ఉంది. ఎవరైనా తొక్కినప్పుడల్లా నాకు గుచ్చుకుంటుంది.

ఉండనీ.